మోచేతి ఎత్తులో

పాత ప్లైవుడ్ గోడకి చిల్లు
సరిగ్గా మోచేతి ఎత్తులో పడింది,
మా సింధూర మోచేతి ఎత్తులో.
వరాలు దానిమీద క్యాలెండరు తగిలించింది.
మార్చి దాటినా నెల తిప్పలేదు ఎవరూ.
మేకు ఊడొస్తుందని భయం.

మల్కాపురంలో రెండు గదుల ఇల్లు.
పదహారేళ్ల పిల్లకి ఒక మూల కావాలి,
ఆ మూలకి ఒక బాక్సింగ్ సంచి.
కొట్టిన సంచి ఊగి ఎక్కడికి పోతుంది?
గోడ మీదికే.

దొండపర్తి షాపులో
జిప్సం బోర్డులు గోడకి చేరబడి ఉన్నాయి,
పరీక్ష హాలు బయట పిల్లల్లాగ.
మామూలుదాన్ని వేలితో కొడితే
పుచ్చకాయలా పలికింది.
గట్టిదాన్ని కొడితే
అది పలకలేదు, నా వేలు పలికింది.
"లోపల గాజు పీచు ఉంటుందండీ,
సుత్తి పడినా సొట్టే గానీ చిల్లు కాదు"
అన్నాడు కుర్రాడు.
ధర దగ్గర మాత్రం గొంతు తగ్గించాడు.

ఇరవై ఆరేళ్లు ఓడలకి రేకులు అతికినవాణ్ణి.
ఇనుమైతే చెవితోనే మందం చెబుతాను.
ఈ సున్నపు అట్టల ముందు
పెళ్లిచూపులకి వచ్చినవాడిలా నిలబడ్డాను.
రెండడుగుల ముక్క అడిగి తెచ్చుకున్నాను.
బస్సులో ఒళ్లో పెట్టుకుంటే
క్యారమ్స్ బోర్డా బాబూ, అంది పక్కావిడ.

డాబా మీద ఇటుకల మధ్య నిలబెట్టాం.
దాలినాయుడు మేస్త్రి కొబ్బరికాయ విసిరాడు.
కాయ పగిలింది.
మిగిలిన నీళ్లు తాగి
"దేవుడికి కూడా సరిపోద్ది" అన్నాడు.
తర్వాత సన్నికల్లు పొత్రం.
బోర్డుకి చిన్న సొట్ట,
మాకు వరాలు చేత పెద్ద తిట్లు.
ఆఖరికి పిల్లని పిలిచాం.
చేతికి గుడ్డ చుట్టుకోకుండానే కొట్టింది.

బోర్డు కదల్లేదు.
దానిమీద ఒక మరక. చిన్నది, ఎర్రది.
"గట్టిదే నాన్నా"
వేళ్లు నోట్లో పెట్టుకుని అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఫిబ్రవరిలో విజయనగరం పోటీలో ఓడి వచ్చి
అన్నం తింది, పళ్లెం కడుక్కుంది,
నవ్వింది కూడా.
రెండో షిఫ్టు దిగి నేను చెప్పులు విప్పుతుంటే
ప్లైవుడ్ అవతల
దిండులో నొక్కేసిన శబ్దం.
గోడ పలచన కాబట్టి నాదాకా వచ్చింది.
తలుపు కొట్టలేదు.
వంటింట్లో కావాలని గిన్నె పడేసి
పాలు కాచాను.
వచ్చింది. తాగింది.
ఓటమి మాట ఇద్దరం ఎత్తలేదు.

"రెండేపులా గట్టిదే కొట్టేసి
మజ్జిన దూది కుక్కేత్తాను,
సీమ సిటుక్కుమన్నా ఇనబడదు"
అన్నాడు మర్నాడు దాలినాయుడు.
పిల్ల వైపు గట్టిది వెయ్యి, అన్నాను.
మా వైపు మామూలుది.
మధ్యలో ఏమీ పెట్టకు.
"ఇదేటి లెక్క బాబూ!
దెబ్బ ఆపాల, సప్పుడు ఆపొద్దా?"
వద్దు.

నన్నొకసారి ఎగాదిగా చూసి
చెవి మీది పెన్సిల్ తీసి చీటీ రాశాడు.
తుప్పు పట్టని మరలు విడిగా కొనమన్నాడు.
ఈ ఊళ్లో సముద్రం
గోడల్లోకి కూడా వస్తుంది కదా.

పరీక్ష పెట్టిన ముక్క పారెయ్యలేదు.
సిలిండరు కింద వేశాం, మరక నేల వైపుకి.
క్యాలెండరు వంటింటికి మారింది,
ఇప్పుడు నెలలు తిరుగుతున్నాయి.

సాయంత్రం ఆరు దాటితే
ధబ్. ధబ్ ధబ్. ధబ్.
వరాలు ఆ లెక్కకే పోపు తిప్పుతుంది.
మధ్యలో అది ఆగిందంటే
గరిటె కూడా ఆగుతుంది.